పొగ మనకి, గడువు వాళ్లకి

(పెదకాకానిలో ఆటో కార్మికులు, వ్యవసాయ కూలీల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈరోజు మనం మాట్లాడుకోబోయేది పొగ గురించి. కూలిరేట్ల గురించో ఇళ్లస్థలాల గురించో అయితే సరేగానీ, పొగ గురించి మీటింగేమిటని మీలో కొందరికి అనిపించి ఉంటుంది. బండ్ల పొగ ఢిల్లీవాళ్ల గొడవ, కార్లున్నోళ్ల గొడవ అని ఇన్నాళ్లూ మనల్ని నమ్మించారు. అది నిజం కాదని చెప్పడానికే ఇక్కడికి వచ్చాం.

పెదకాకాని పదహారో నెంబరు జాతీయ రహదారి పక్కన ఉంది. మొన్నటిదాకా దీన్నే అయిదో నెంబరు రోడ్డు అనేవాళ్లం. మద్రాసు నుంచి కలకత్తా పోయే లారీలకు దారి ఇదే. గుంటూరు యార్డుకి మిర్చి టిక్కీలు మోసే లారీలూ ఈ రోడ్డు మీదే తిరుగుతాయి. మిరపకోతలు వచ్చాయంటే తెల్లారకముందే మన ఆడవాళ్లు సర్వీసు ఆటోల్లో కిక్కిరిసి కూలికి పోతారు. వెనకాల కాళ్లు వేలాడేసుకుని కూర్చున్న మనిషి ముక్కుకీ పక్కన పోయే లారీ సైలెన్సర్‌కీ మధ్య మూడు బారల దూరం ఉండదు. కార్లో పోయేవాడికి అద్దాలున్నాయి. మనకి చీరకొంగే అద్దం. పొద్దంతా మిరపఘాటు, వస్తూపోతూ డీజిలు పొగ. దగ్గొస్తే దేనివల్ల వచ్చిందో ఎవరికి తెలుసు?

ఆ ఆటో తోలే కుర్రాడూ మనోడే. ఫైనాన్సు మీద బండి తీసి, నెలనెలా కిస్తీ కట్టుకుంటూ బతుకుతున్నాడు. పొగ మీద సర్కారు ఏ రూలు పెట్టినా రెండు వైపుల నుంచీ అది మనకే తగులుద్ది. పొగ పీల్చేది మనం. రూలు మారితే బండి మార్చుకోవాల్సిందీ మనమే. కానీ ఆ రూలు రాసే గదిలో మాత్రం మనం లేం. ఆ గదిలో ఎవరున్నారు, వాళ్లు ఏం అడిగారు, ఏం సాధించుకున్నారు అన్నదే ఇవాళ మనం తెలుసుకోవాలి.

కొలతలు రెండు

ముందు ఆ రూలేమిటో చూద్దాం. బండి ఎంత పొగ వదలొచ్చో సర్కారు ఒక కొలత పెట్టింది. దానికే భారత్ స్టేజ్ అని పేరు. బీఎస్-2, బీఎస్-3, బీఎస్-4, బీఎస్-6 అని మీరు బండి కాగితాల మీద చూసేది అదే. నెంబరు పెరిగేకొద్దీ పొగ తగ్గాలి. పొగ తగ్గాలంటే ఇంజను ఒక్కటే మారితే చాలదు, డీజిలు కూడా మారాలి. డీజిల్లో గంధకం ఉంటుంది. గంధకం ఎక్కువైతే మసి పెరుగుద్ది, పొగను వడగట్టే సామాను పాడవుద్ది. బీఎస్-3 డీజిల్లో పది లక్షల పాళ్లకు 350 పాళ్ల దాకా గంధకం ఉండొచ్చు. బీఎస్-4లో 50 పాళ్లే. బీఎస్-6లో 10 పాళ్లే.

ఇప్పుడు అసలు సంగతి వినండి. 2010లో బీఎస్-4 వచ్చింది. ఎక్కడికి వచ్చింది? ఢిల్లీ, బొంబాయి, మద్రాసు, హైదరాబాదు లాంటి 13 నగరాలకు వచ్చింది. మిగతా దేశమంతటికీ అదే ఏడాది బీఎస్-3 ఇచ్చారు. అంటే హైదరాబాదు బంకులో 50 పాళ్ల డీజిలు, పల్లెటూరి బంకులో 350 పాళ్ల డీజిలు. ఏడు రెట్లు తేడా! 2005లోనూ ఇదే పని చేశారు. అప్పుడు 11 నగరాలకు బీఎస్-3, మిగతావాళ్లకు బీఎస్-2. మధ్యలో మరికొన్ని పట్నాలకు మంచి డీజిలు పాకింది గానీ, బీఎస్-4 దేశమంతటికీ చేరేసరికి 2017 ఏప్రిల్ 1 అయింది.

హోటల్లో రెండు గ్లాసులు పెట్టడం మనకి తెలుసు. ఊరివాళ్లకి ఒక గ్లాసు, మనకి ఒక గ్లాసు. డీజిల్లోనూ రెండు గ్లాసులు పెట్టారు. ఇక్కడ తేడా కులం పేరుతో రాయలేదు, నగరం పేరుతో రాశారు. నగరంలో పేదవాళ్లు లేరా అంటే ఉన్నారు. కానీ పల్లె ఊపిరితిత్తులకు ఒక కొలత, పట్నం ఊపిరితిత్తులకు ఒక కొలత అని సర్కారే గెజిట్లో అచ్చువేసింది కదా! డీజిలు పొగ క్యాన్సరు తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012 జూన్‌లోనే తేల్చి చెప్పింది. ఆ తర్వాత కూడా అయిదేళ్లు ఈ రెండు కొలతలూ నడిచాయి.

ఎందుకిలా అంటే, రిఫైనరీలు మార్చాలి, వేల కోట్లు కావాలి, టైము కావాలి అన్నారు. ఆయిల్ కంపెనీలు అలా అంటే, మంచి డీజిలు లేనిదే మంచి బండ్లు ఎలా చేస్తామని బండ్ల కంపెనీలు అన్నాయి. మంచి బండ్లు లేనప్పుడు మంచి డీజిలు ఎవరికని మళ్లీ వీళ్లు. ఒకరి మీద ఒకరు చెప్పుకుంటూ ఇద్దరూ గడువు సంపాదించుకున్నారు. దీన్నే ఇంగ్లీషులో లాబీయింగ్ అంటారు. మన భాషలో పైరవీ. మండలాఫీసులో పైరవీ చేసేవాణ్ణి మనం గుర్తుపడతాం, ఎందుకంటే వాడు మన కళ్ల ముందు తిరుగుతాడు. ఢిల్లీ పైరవీ నివేదికల రూపంలో, కమిటీల రూపంలో, కోర్టు అఫిడవిట్ల రూపంలో నడుస్తుంది. అందుకే మన కంటికి ఆనదు.

ఢిల్లీ బస్సుల కథ

ఈ పైరవీ ఎలా నడుస్తుందో తెలియాలంటే ఢిల్లీ కథ వినాలి. 1985లో ఎం.సి. మెహతా అనే వకీలు ఢిల్లీ గాలి గురించి సుప్రీంకోర్టులో కేసు వేశారు. అది ఏళ్లతరబడి నడిచింది. 1998 జూలై 28న కోర్టు, ఢిల్లీలో తిరిగే బస్సులన్నీ 2001 మార్చి 31 కల్లా సీఎన్‌జీకి మారాలని ఆర్డరేసింది. సీఎన్‌జీ అంటే నేలలోంచి వచ్చే సహజవాయువునే గట్టిగా నొక్కి సిలిండరులో నింపింది. డీజిలంత మసి దానికి ఉండదు.

రెండున్నర ఏళ్లకు పైగా గడువిచ్చినా పని ముందుకు సాగలేదు. గ్యాసు బంకులు చాలినన్ని పెట్టలేదు, బస్సులు మార్చలేదు. తీరా గడువు ముగిశాక 2001 సెప్టెంబరులో కేంద్రం ఒక కమిటీ వేసింది. దానికి పెద్ద సైంటిస్టు మాషేల్కర్ అధ్యక్షుడు. ఆ కమిటీ ఏం చెప్పింది? పొగ కొలత పెట్టడం వరకే సర్కారు పని, ఏ ఇంధనం వాడాలో సర్కారు చెప్పకూడదు అంది. వినడానికి న్యాయంగానే ఉంది. కొలతకు లోబడితే డీజిలైతేనేం, గ్యాసైతేనేం? మాటలో తప్పులేదు. కానీ మాట వచ్చిన వేళ చూడాలి. గ్యాసుకు మారాల్సిన గడువు దాటిపోయాక, డీజిలు బస్సులు ఇంకా రోడ్ల మీద తిరుగుతుండగా వచ్చిన మాట అది. ఆ మాట వల్ల లాభం ఎవరికి? డీజిలు ఇంజన్లు చేసేవాళ్లకీ డీజిలు అమ్మేవాళ్లకీ.

2002 ఏప్రిల్ 5న సుప్రీంకోర్టు ఆ నివేదికను తోసిపుచ్చింది. ఆ కమిటీలో ఒక్క డాక్టరు గానీ, ప్రజారోగ్యం తెలిసిన ఒక్క మనిషి గానీ లేరని కోర్టే ఎత్తిచూపింది. ఊపిరి సంగతి తేల్చే కమిటీలో ఊపిరితిత్తులు చూసే డాక్టరు లేడు! మేం ఇంకోమాట కూడా అంటాం. అందులో ఒక్క డ్రైవరు లేడు, ఒక్క బస్సు ప్రయాణికుడు లేడు. మారని డీజిలు బస్సుకు రోజుకు 500 రూపాయలు, ముప్ఫై రోజులు దాటితే రోజుకు 1000 రూపాయలు జరిమానా వేసింది కోర్టు. ఆ ఏడాది డిసెంబరు వచ్చేసరికి ఢిల్లీ సిటీ బస్సుల్లో డీజిలు లేకుండా పోయింది. నాలుగేళ్లు కుదరదన్న పని ఎనిమిది నెలల్లో కుదిరింది.

అయితే ఆ కథకు ఇంకో సగం ఉంది. దాన్ని పర్యావరణం గురించి రాసే పెద్దమనుషులు తక్కువగా చెబుతారు. ఢిల్లీలో బస్సులతోపాటు ఆటోలు కూడా మారాల్సి వచ్చింది. ఆటోవాళ్లు గ్యాసు కోసం గంటల తరబడి, రాత్రిళ్లు కూడా లైన్లో పడిగాపులు పడ్డారు. ఆ టైములో వాళ్లకు కూలి ఎవరిచ్చారు? కిట్టు కోసం, కొత్త బండి కోసం ఫైనాన్సోళ్ల దగ్గర అప్పులు చేశారు. దానికి తోడు 1997లో ఢిల్లీ ఆటోల సంఖ్య పెరగకూడదని కోర్టే కట్టడి చేసింది. దాంతో పర్మిట్టుకు గిరాకీ పెరిగి, అది కూడా ఫైనాన్సోళ్ల చేతికి చిక్కింది. గాలి బాగుపడాల్సిందే, అందులో మాకు రెండో మాట లేదు. కానీ దాని ఖర్చు ఎవరి నెత్తిన పడిందో కూడా లెక్క రాయాలి.

చివరి రెండు రోజుల బేరం

ఇక 2017కి వద్దాం. ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బీఎస్-4. ఈ తేదీ కంపెనీలకు ఏళ్ల ముందే తెలుసు. అయినా మార్చి నెలాఖరు దాకా బీఎస్-3 బండ్లు చేస్తూనే పోయారు. కంపెనీలు, డీలర్ల దగ్గర కలిపి 8 లక్షల 24 వేల బండ్లు మిగిలాయి. కొత్తవి చెయ్యం గానీ, చేసినవి అమ్ముకోనివ్వండి అని కంపెనీల సంఘం కోర్టులో వాదించింది. 2005లో, 2010లో ఇలాగే అమ్ముకోనిచ్చారు కదా అంది. కేంద్ర సర్కారు కూడా వాళ్లకే వత్తాసు పలికింది. 2017 మార్చి 29న సుప్రీంకోర్టు కుదరదంది. కంపెనీల లాభం కంటే జనం ఆరోగ్యం పెద్దదని చెప్పింది.

తర్వాత రెండు రోజులు ఏం జరిగిందో మీకు గుర్తుండే ఉంటుంది. మోటారు సైకిళ్ల మీద వేలకు వేలు తగ్గించి అమ్మారు. షోరూముల ముందు జనం విరగబడ్డారు. చౌకగా వచ్చిందని కొన్నది ఎవరు? ఏళ్లతరబడి డబ్బు కూడబెట్టుకున్న మన పిల్లలూ అందులో ఉన్నారు. వాళ్లను మేం తప్పుపట్టం. పట్నం వద్దన్న పొగను తగ్గింపు ధరకి పేదవాడికి అంటగట్టిన వాళ్లనే అడుగుతున్నాం.

అమ్మకూడదన్న ఆ బండ్లలో కొన్ని దొడ్డిదారిన మళ్లీ రోడ్డెక్కాయని మన రాష్ట్రంలోనే కేసు పెట్టారు. 2020లో అనంతపురం జిల్లాలో బయటపడింది. తుక్కు కింద కొన్న బీఎస్-3 లారీలను నాగాలాండ్‌లో బీఎస్-4 అని రిజిస్టరు చేయించి, ఇక్కడికి తెచ్చి తిప్పారన్నది ఆరోపణ. నిజానిజాలు తేల్చాల్సింది కోర్టే. మేం చెప్పేది ఒక్కటే. ఆటో కాగితాల్లో ఒక తేదీ తప్పితే బ్రేకు ఇన్‌స్పెక్టరు రోడ్డు మీదే బండి ఆపేస్తాడు. అలాంటిది లారీలకు లారీలే రాష్ట్రాలు దాటి వచ్చాయంటున్నారు, అవి ఎవరి కంటా పడలేదా?

2020లోనూ ఇదే నడిచింది. మార్చి 31 తర్వాత బీఎస్-4 అమ్మకూడదని కోర్టు 2018 అక్టోబరులోనే చెప్పింది. లాక్‌డౌన్ పేరు చెప్పి డీలర్ల సంఘం మళ్లీ గడువడిగింది. మిగిలిన సరుకులో పదోవంతు, పది రోజుల్లో అమ్ముకోండని కోర్టు ఒప్పుకుంది. వాళ్లు ఒప్పుకున్నదానికి రెట్టింపు కంటే ఎక్కువే అమ్మారు. దాంతో జూలై 8న కోర్టు ఆ ఆర్డరును వెనక్కి తీసుకుంది.

అయినా ఒక మంచి సంగతి ఉంది. బీఎస్-6 బండ్లు 2020 ఏప్రిల్ 1న దేశమంతటికీ ఒకేరోజు వచ్చాయి. ఢిల్లీకీ పెదకాకానికీ ఒకే కొలత. అంతకుముందు 2014లో సర్కారు కమిటీ ఒకటి బీఎస్-6కి 2024 దాకా ఆగొచ్చని చెప్పింది. 2016 జనవరిలో ఆ గడువును 2020కి తెస్తే, సాధ్యం కాదని కంపెనీలు గగ్గోలు పెట్టాయి. రిఫైనరీలకు దాదాపు 30 వేల కోట్లు ఖర్చన్నారు. అయినా అయింది. కాదన్నది అయింది కాబట్టి, ఇకమీదట కాదన్నప్పుడల్లా మనం ఎదురు ప్రశ్న వెయ్యొచ్చు.

ఇది మన దేశపు కంపెనీలకే ఉన్న జబ్బు కాదు. జర్మనీ కంపెనీ ఫోక్స్‌వాగన్ పొగపరీక్షలో మోసం చేసే సాఫ్టువేరును కార్లలో పెట్టిందని 2015 సెప్టెంబరులో అమెరికాలో బయటపడింది. పరీక్ష బల్ల మీద ఉన్నప్పుడు బండి బుద్ధిగా ఉంటుంది, రోడ్డెక్కితే విషం కక్కుతుంది. ప్రపంచమంతటా కోటీ పది లక్షల బండ్లలో ఆ సామాను ఉందని కంపెనీయే ఒప్పుకుంది. మన హరిత ట్రిబ్యునల్ 2019 మార్చిలో 500 కోట్ల జరిమానా వేస్తే, రెండు నెలల్లో సుప్రీంకోర్టుకు పోయి వసూలు ఆపించుకున్నారు.

గ్యాసు కూడా సరుకే

అయితే డీజిలు చెడ్డది, గ్యాసు మంచిది, అందరం గ్యాసుకు మారితే సరి అని మేం చెప్పం. గ్యాసుకు మసి తక్కువన్నది నిజం. విజయవాడలో గ్యాసు ఆటోలు తిరుగుతున్నాయి, వాటి వెనక నడిచే మనిషికి తేడా తెలుసు. కానీ గ్యాసు అమ్మేదీ కంపెనీలే. వాళ్లకీ పైరవీ ఉంది. కాలకుండా లీకైన గ్యాసు గాలిలో కలిస్తే భూమిని బొగ్గుపులుసు వాయువు కంటే ఎన్నో రెట్లు వేడెక్కిస్తుంది. ఈ మాట వాళ్ల ప్రకటనల్లో ఉండదు.

గ్యాసు ఎక్కడిది? మన గోదావరి జిల్లాల నేలలోంచీ, మన సముద్రంలోంచీ కూడా వస్తుంది. 1995 జనవరి 8న పాశర్లపూడిలో బావి పేలి 65 రోజులు మండింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరంలో గెయిల్ గొట్టం పగిలి మంటలు లేచి, ఇరవై మందికి పైగా కాలిపోయారు. నగరం అంటే పట్నం కాదు, అది కోనసీమలో ఒక ఊరు. ఆ ఊరి గొట్టంలో గ్యాసు అప్పట్లో కొండపల్లి కరెంటు కంపెనీకి పోయేది. అక్కడి జనానికి మాత్రం మంటలు మిగిలాయి.

ఇక ధర. గ్యాసు చౌక అని నమ్మి కిట్టు పెట్టించుకున్న డ్రైవరు సంగతి ఏమైంది? మన నేలలో తీసిన గ్యాసు ధరను 2014 నుంచి విదేశీ ధరలతో ముడిపెట్టారు. 2021 సెప్టెంబరులో ఒక కొలతకు 1.79 డాలర్లున్న ధర, 2022 అక్టోబరుకి 8.57 డాలర్లయింది. ఏడాదిలో నాలుగు రెట్లు దాటింది. బంకులోనూ రేటు పెరుగుతూ పోయింది. గగ్గోలు పుట్టాక 2023 ఏప్రిల్‌లో 6.5 డాలర్లు దాటకుండా కట్టడి పెట్టారు. ఈ మధ్యకాలంలో ఆటో చార్జీ నాలుగు రెట్లు పెరిగిందా? కూలి నాలుగు రెట్లు పెరిగిందా?

2020 నవంబరులో కేంద్రం లారీల కోసం ద్రవరూప గ్యాసు బంకులు 50 మొదలుపెట్టింది. స్వర్ణ చతుర్భుజి రోడ్ల మీద వస్తాయన్నారు. మన పదహారో నెంబరు రోడ్డు ఆ చతుర్భుజిలోదే. మూడేళ్లలో వెయ్యి బంకులన్నారు. ఊరికి ఏ గొట్టం వస్తుంది, ఏ బంకు వస్తుంది, ప్రమాదమైతే ఎటు పారిపోవాలి అని ముందు గ్రామసభలో చెప్పాలని మనం అడగాలి.

రోజుకు యాభై రూపాయలు

ఇప్పుడు రెండు లెక్కలు పక్కపక్కన పెట్టి చూడండి. 2016 డిసెంబరులో కేంద్రం ఒక రూలు తెచ్చింది. ఫిట్‌నెస్ కాగితం ఆలస్యమైతే రోజుకు 50 రూపాయలు అదనం. మనోడికి జ్వరమొచ్చి పది రోజులు బండి తీయకపోయినా 500 రూపాయలు. మరో మూడు నెలలకే 8 లక్షల 24 వేల బండ్లు మిగుల్చుకున్న కంపెనీలు కోర్టుకెళ్లి గడువు అడిగాయి. వాళ్లు గడువడిగితే అది వాదన అయింది. మనం ఆలస్యం చేస్తే అది జరిమానా అయింది. 2022 ఏప్రిల్ నుంచి పదిహేనేళ్లు దాటిన లారీకి ఫిట్‌నెస్ ఫీజు 1500 నుంచి 12,500 చేశారు. పాత బండి ఎవరి దగ్గర ఉంటుంది? కొత్తది కొనలేనివాడి దగ్గర.

సర్కార్లు ఆటోవాళ్లకి ఏటా పదివేలని 2019లో, పదిహేనువేలని 2025లో ఇచ్చాయి. ఇచ్చింది తీసుకుందాం, అది మన పన్నే. కానీ అది కిస్తీలకూ ఇన్సూరెన్సుకూ చాలదు. బండి మార్చుకోవడానికి అసలే చాలదు. రేపు కరెంటు ఆటోకి మారమంటారు. అప్పుడూ ఇదే కథ నడవకుండా ఇప్పుడే కాచుకోవాలి.

మనం అడగాల్సినవి

ఒకటి: పొగ కొలత దేశమంతటికీ ఒకేరోజు. నగరానికి ముందు, పల్లెకు తర్వాత అనే పద్ధతి మళ్లీ రాకూడదు.

రెండు: రూలు మారినప్పుడు బండి మార్చే ఖర్చు డ్రైవరు ఒక్కడే మొయ్యకూడదు. కంపెనీ కొంత, సర్కారు కొంత భరించాలి. వడ్డీలేని అప్పు బ్యాంకు ఇవ్వాలి, ఫైనాన్సోళ్లకి వదిలెయ్యకూడదు.

మూడు: ఇంధనం మార్చమనే ముందు బంకులు పెట్టాలి. ధర ఎన్నేళ్లు కట్టడిలో ఉంటుందో రాసివ్వాలి.

నాలుగు: మిరపకోతల కాలంలో కూలీలకు ఆర్టీసీ బస్సులు నడపాలి. ఆటోలో కుక్కుకుని పోయేది సరదాకి కాదు.

అయిదు: పొగ రూళ్లు రాసే కమిటీల్లో డాక్టర్లు, డ్రైవర్లు, కూలి సంఘాలవాళ్లు ఉండాలి.

సంఘం పిల్లలకి ఒక పని చెబుతున్నాం. మోటారు రూళ్లు మార్చేముందు సర్కారు ముసాయిదాను గెజిట్లో వేసి, అభ్యంతరాలు చెప్పడానికి మామూలుగా ముప్ఫై రోజులు ఇస్తుంది. ఆ ముప్ఫై రోజుల్లో కంపెనీలు కట్టలకొద్దీ కాగితాలు పంపుతాయి. పెదకాకాని నుంచి ఒక్క కార్డు ముక్క పోదు. తర్వాత ఎవరూ అభ్యంతరం చెప్పలేదని రాసుకుంటారు. ఇకమీదట ముసాయిదా వచ్చినప్పుడల్లా దాన్ని తెలుగులో చదివి వినిపించండి. ఆటోస్టాండులో చదవండి, మిరప కళ్లంలో చదవండి. సంతకాలు, వేలిముద్రలు పెట్టించి పంపండి. ఎంతమందికి దగ్గుంది, ఎన్ని ఆటోలు కిస్తీ కట్టలేక ఫైనాన్సోళ్లు పట్టుకుపోయారు, ఈ లెక్కలు వాడవాడా రాసిపెట్టండి. కంపెనీలు వాళ్ల లెక్కలతో పోతున్నాయి. మనం మన లెక్కలతో పోదాం.

ఈ రోడ్డు మన పక్కనుంచే పోతోంది. దాని మీద పోయే పొగకు కొలత పెట్టేటప్పుడు మనల్నీ అడగాలి.

జై భీమ్!